మా మామ కొట్టంలో దొరికిన పనిముట్లు

(ఏరువాక పున్నమి నాడు కళ్యాణదుర్గంలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్లే అచ్చు వేస్తున్నాము.)

పంటల బీమా గురించి, ఇన్‌పుట్ సబ్సిడీ గురించి ఇద్దరు ఇప్పటికే వివరంగా చెప్పినారు. అదే నేను మళ్లీ చెప్పను. ఈ రోజు ఏరువాక. మా చిన్నప్పుడు ఈ రోజు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మడక కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి చేను మీదికి పోయేవాళ్లం. ఇప్పుడు మా ఊళ్లో ట్రాక్టరుకు నిమ్మకాయలు కట్టి ఫోటో దిగుతున్నారు. సరే, పండగ పండగే. పనిముట్ల పండగ కాబట్టి పనిముట్ల గురించే మాట్లాడమని మన కార్యదర్శి అన్నాడు. ఈ బల్ల మీద పరిచినవి చూస్తున్నారు కదా. ఇందులో ఏది ఏందో పదిహేను నెలల కిందట నాకు కూడా తెలియదు.

ఇవి మా మేనమామవి. మా అమ్మ పుట్టినూరు మడకశిర అవతల, అమరాపురం పక్క. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మామకు మగపిల్లలు లేరు. ఇద్దరు ఆడబిడ్డలు బెంగళూరులో ఉన్నారు. మామ పోయినాక దినాలు అయిన మూడో రోజు ఇల్లు సర్దుతుంటే పెద్దమ్మాయి చెప్పింది, బావా, కొట్టంలో ఇనుము, చెక్క చానా ఉంది, నీకు కావాలంటే తీసుకుపో, లేకపోతే పాత సామాన్లవాడు సాయంత్రం వస్తాడు అని. పాత సామాన్లవాడు అప్పటికే ఒకసారి వచ్చి చూసి, ఇనుము కిలో 28 రూపాయలు, చెక్క పొయ్యిలోకి అని బేరం పెట్టిపోయినాడంట. అంతా కలిపితే పన్నెండు పదమూడు వందలు రావు. నేను ఒక ఆటో మాట్లాడుకొని మొత్తం వేసుకొని వచ్చినాను. ఆటో బాడుగ 1800. మా ఇంటావిడ ఆ లెక్క ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తుంది.

తెచ్చి మా గాటిపాట్లో పరిచి చూస్తే సగం నాకు తెలిసినవే. మడక కర్రు, కాడిమాను పట్టెడలు, ఎద్దు మూతి చిక్కాలు, గడ్డపార, బాడిస, పెద్ద దబ్బనం. ఇంకొక సగం తెలియదు. నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్నాను, పదో తరగతి అయిపోయిన ఏడే మడక పట్టినాను. నాకే తెలియకపోతే ఎట్లా అని రోషం వచ్చింది. మా ఊరి రచ్చకట్ట మీద పెట్టి అందరినీ అడిగినాను. అప్పుడు మొదలైంది వేడుక.

ముందు ఈ చెక్క గిన్నె చూడండి. బరువుగా ఉంది, లోపల నున్నగా ఉంది, అడుగున చుట్టూ రంధ్రాలు. మా మనవడు ఇడ్లీ పాత్ర అన్నాడు. ఒకాయన దేవుని దీపాల గిన్నె అన్నాడు, రంధ్రంలో వత్తి పెడతారంట. ఇంకొకాయన సంగటి గిన్నె అని పందెం కాసినాడు. సంగటి వేస్తే రంధ్రాల్లోంచి కారిపోదా అని అడిగితే, అందుకే వాడకుండా పెట్టినారు అన్నాడు. నవ్వకండి, ఆయన ఇక్కడే కూర్చొని ఉన్నాడు.

ఇది జడ్డిగం. గొర్రు మీద పెట్టే విత్తనపు గిన్నె. జడ్డిగం మనలో చాలామందికి తెలుసు, శెనక్కాయ విత్తే గొర్రు జడ్డిగం చూసినాం. కానీ దానికి మూడో నాలుగో రంధ్రాలు. దీనికి లెక్కపెట్టండి, పన్నెండు. అక్కడే మేమంతా తప్పిపోయినాం. పన్నెండు పళ్ల గొర్రు మా పక్క మా తరంలో ఎవరూ చూడలేదు. మడకశిర పక్క, అవతల సిర, మధుగిరి పక్క రాగి, కొర్ర విత్తడానికి వాడేది. కన్నడంలో కూరిగె అంటారు. ఒక్కొక్క రంధ్రంలో ఒక వెదురు గొట్టం, ఒక్కొక్క గొట్టం కింద ఒక పన్ను. సాలుకూ సాలుకూ జానెడు దూరం. జత ఎద్దులు ఒక్క నడకలో ఎనిమిది అడుగుల పైచిలుకు నేల విత్తుకుంటూ పోతాయి. అక్కడి తేలిక ఎర్రనేలలో అది సాధ్యం, మన దగ్గర గరుసు నేలలో కష్టమే.

ఇది చిన్న సంగతి కాదు అని తర్వాత తెలిసింది. 1800లో టిప్పు సుల్తాను పోయిన మరుసటి ఏడు, బుకానన్ అనే దొర మైసూరు సీమంతా తిరిగి ఏ ఊళ్లో ఏ పైరు, ఏ పనిముట్టు అని రాసుకుంటూ పోయినాడు. సిర, మధుగిరి కూడా తిరిగినాడు. ఈ కూరిగె గురించి రాసినాడు, పనిముట్లకు బొమ్మలు కూడా వేయించినాడు. అంతకు కొన్నేళ్ల ముందే, 1790ల్లో, గుంటూరు సీమ పక్క హాల్‌కాట్ అనే కెప్టెన్ ఒక చేనిలో గొర్రు తోలుతుంటే చూసినాడు. సాలు పట్టి విత్తడం అనేది యూరపువాళ్లు కొత్తగా కనిపెట్టిన విద్య అని అంతవరకు ఆయన అనుకుంటున్నాడంట. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రం చేసింది 1701లో. ఇక్కడ చూస్తే పేద రైతు నాలుగు కట్టెలు, మూడు వెదుళ్లతో అదే పని చేస్తున్నాడు. ఆ సంగతి ఆయన లండనులోని వ్యవసాయ బోర్డుకు రాస్తే వాళ్లు అచ్చు వేసినారు. ఈ పాత కాగితాలను ధర్మపాల్ గారు వెదికి తీసి 1971లో పుస్తకంగా తెచ్చినారు. ఇదంతా నాకు చెప్పింది మా పక్క ఊళ్లో రిటైరైన తెలుగు అయ్యవారు. ఆయన గురించి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఈ చిన్నది. గరాటు మాదిరి ఉంది. ఒకటే రంధ్రం, పక్కన తాడు కట్టుకొనే గాడి. అందరూ నూనె గరాటు అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. కానీ వాసన చూస్తే నూనె వాసన లేదు, లోపల జిడ్డు లేదు. చెక్క నూనె తాగి ఉంటే ఎన్నేళ్లయినా నల్లగా కనపడుతుంది. ఇది ఎండిన చెక్కే. పైగా అంచు ఒక పక్కనే అరిగి ఉంది, చెయ్యి ఆనిచ్చి పెట్టిన చోట.

మీ ఇండ్లల్లో ఇట్లాంటివి దొరికితే ముందు ఈ అరుగుడు చూడండి. చెయ్యి పట్టిన చోట చెక్క నున్నగా మెరుస్తుంది. మట్టి తగిలిన ఇనుము సన్నబడి ఉంటుంది. తాడు కట్టిన చోట గాడి పడి ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకొని, ఆ నునుపు మీద మన చెయ్యి ఎట్లా కూర్చుంటుందో చూస్తే సగం సంగతి అదే చెబుతుంది. తోమి, పాలిష్ పట్టి, రంగు వేసినారంటే ఆ గుర్తులు పోతాయి. మా పెద్దోడు ఒక దంతెను సిల్వర్ పెయింటు వేసి తళతళ మెరిపించినాడు. వాడి మంచి మనసును ఏమీ అనలేకపోయినాను.

దంతెలంటే గుర్తొచ్చింది. ఇవిగో ఏడు పాసలు. దంతె పాస అంటే ఇక్కడ అందరికీ తెలుసు, పైరు సాళ్ల మధ్యన కలుపు కోసే ఇనుప బద్ద. వీటిలో రెండు వెడల్పువి, ఎనిమిది తొమ్మిది అంగుళాలు ఉన్నాయి. అవి శెనక్కాయవి. శెనక్కాయ సాలు అడుగు దూరం కదా, ఆ పక్క ఈ పక్క మొక్కకు తగలకుండా వదిలితే అంతే వస్తుంది. మిగిలిన అయిదు టేపు పెట్టి కొలిస్తే అయిదు అంగుళాలకు మించవు. అయిదు అంగుళాల పాస శెనక్కాయలో ఎందుకు? జానెడు సాలుకు సరిపోయేది అది. అంటే రాగి, కొర్ర. పన్నెండు రంధ్రాల జడ్డిగం, ఈ చిన్న పాసలు ఒక జత. ఒకదాని వయసు ఇంకొకటి చెబుతుంది. మామ ఎప్పుడు రాగి, కొర్ర వదిలి శెనక్కాయలోకి వచ్చినాడో కాగితం ఎక్కడా లేదు, కానీ ఇనుములో ఉంది.

మన జిల్లా కథ కూడా అదే కదా. సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి అని ప్రతి మీటింగులో చెప్పుకుంటాం. ఆ వానకు తట్టుకొనేవి కొర్ర, సామ, ఆరిక, సజ్జ, జొన్న, ఉలవ. అవి పోయి ఎటు చూసినా శెనక్కాయే అయింది. ఎందుకు అయిందో ఇక్కడ ఉన్నవాళ్లకు నేను చెప్పక్కరలేదు. దుడ్డు కనపడింది, నూనె మిల్లులు వచ్చినాయి, బ్యాంకు అప్పు దానికే ఇచ్చింది, విత్తనం సబ్సిడీ దానికే ఇచ్చినారు, బీమా దానికే ఉండింది. రైతు తెలివితక్కువగా పోలేదు. అందరూ తోసిన పక్కకే పోయినాడు. పోయినాక ఊళ్లో జడ్డిగాలు మారినాయి, దంతెలు మారినాయి, తర్వాత ఎద్దులు పోయినాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అనింది. ఊరూరా బ్యానర్లు కట్టినారు. చెన్నేకొత్తపల్లి పక్క టింబక్టు కలెక్టివ్ వాళ్లు, వాళ్ల ధరణి సహకార సంఘం బ్యానర్లు లేని కాలం నుంచే ఆ పని చేస్తున్నారు, వాళ్లను పక్కన పెట్టండి. మిగతా చోట్ల కొర్ర వేయమన్నారే గానీ కొర్ర విత్తే గొర్రు యాడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. శెనక్కాయ గొర్రుతో కొర్ర విత్తితే గింజ లోతుకు పోయి మొలవదు. చెయ్యి చల్లితే కలుపు తీయలేక సచ్చిపోతాం.

ఇంక ఈ ఇనుప కడియం. మూరెడు వెడల్పు, చుట్టూ చిన్న కొక్కాలు. బండి చక్రం కమ్మి అన్నారు కొందరు. కమ్మికి కొక్కాలు ఎందుకు? దీంతోపాటే ఈ గిలక ఉంది, మధ్యలో గాడి పడి ఉంది చూడండి, మోకు రాసుకొని రాసుకొని పడిన గాడి. ఇది కపిల సామాను. కపిల బాన నోటికి వేసే కడియం. దీని కొక్కాలకు తోలు కట్టి, కింద తోలు తొండం కుట్టేవాళ్లు. ఎద్దులు ఏటవాలు బాటలో దిగుతుంటే బాన పైకి వచ్చేది, తొండం తాడు వదిలితే నీళ్లు కాలువలోకి పడేవి. కపిల తోలేవాళ్ల పాట తెల్లవారుజామున వినపడేదని మా అమ్మ చెబుతుంది. నేను ఒక్కసారి చూసినట్టు గుర్తు, అయిదారేళ్ల వయసులో. మామ బావి నలభై అడుగులు. ఆ బావి ఇప్పుడు కంపచెట్లతో నిండి ఉంది. నా చేనులో నేను మూడు బోర్లు వేయించినాను, చివరిది 650 అడుగులు, దుమ్ము వచ్చింది. కపిల మళ్లీ తేవాలని నేను అనను. ఎద్దుల నడుములు, మనుషుల నడుములు విరిగే పని అది. కానీ ఎద్దులు తోడితే బావి ఎంత ఊరితే అంతే నీళ్లు. ఆ కట్టుబాటు మోటరుకు లేదు.

ఈ పొడుగు కట్టె సంగతి తొందరగా చెప్పేస్తాను. ఒక కొనకు ముల్లు, ఇంకొక కొనకు చిన్న ఇనుప రేకు. మా ఊరి కుర్రోళ్లు ఇది బల్లెం అని తేల్చేసినారు, పాలెగాళ్ల కాలంది అన్నారు, వాట్సాప్‌లో కూడా పెట్టినారు. ఇది ముల్లుగర్ర. ముల్లు ఎద్దును అదిలించడానికి, రేకు మడకకు, గొర్రు పళ్లకు అంటుకొన్న బంకమట్టి గీకడానికి. పాలెగాళ్లు దీంతో యుద్ధం చేసి ఉంటే మన చరిత్ర ఇంకా పొట్టిగా ఉండేది.

తెలుగు అయ్యవారి గురించి చెబుతానన్నాను. ఆయన ఒక పుస్తకం తీసినాడు. మాండలిక వృత్తి పదకోశం, మొదటి సంపుటం, వ్యవసాయం మీద. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఊరూరా రైతుల నోటి మాటలు రాసుకొని, ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమంటారో కూర్చిన పుస్తకం. తర్వాత ఇంటి కట్టుబడి మీద ఒకటి, చేనేత మీద ఒకటి వచ్చినాయి. సేద్యగాని మాటకు కూడా నిఘంటువు ఉందని యాభై దాటినాక తెలిసింది నాకు. బడిలో ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకం ముందర పెట్టుకొని మేమిద్దరం రెండు ఆదివారాలు కూర్చొన్నాం. మాట దొరికితే వస్తువు తెలిసేది, వస్తువు తెలిస్తే మాట దొరికేది. కానీ పుస్తకంతో కూడా రెండు తేలలేదు. ఈ గరాటు, ఇంకా ఈ సేరు.

అప్పుడు అయ్యవారే అన్నాడు, వస్తువులు మీ మామ ఊరివి, నువ్వు మీ ఊళ్లో అడుగుతున్నావు, ఎట్లా తెలుస్తుంది అని. నిజమే కదా. పోయిన ఉగాది ముందు సంచిలో వేసుకొని అమరాపురం బస్సెక్కినాను. మామ ఇంటి చుట్టుపక్కల రైతులను అడిగితే వాళ్లకూ తెలియలేదు. వాళ్లలో చాలామంది నా ఈడువాళ్లే, ట్రాక్టరు తరం. ఒకాయన అన్నాడు, కూలికి వచ్చిన ముసలామె ఒకామె ఉంది, మీ మామ దగ్గర విత్తనానికి ఎప్పుడూ ఆమే, ఆమెను అడుగు అని.

ఆమె ఇల్లు ఊరి బయట కాలనీలో. ఎనభై దాటి ఉంటాయి. చూపు మందం. గరాటు చేతికి ఇచ్చినాను. చూడను కూడా చూడలేదు, వేళ్లతో తడిమి, "ఇది అక్కిడిది నాయనా" అనింది. అంచు అరిగిన చోట ఆమె బొటనవేలు పోయి సరిగ్గా కూర్చొంది. గొర్రు ముందర పోతుంటే వెనకాల ఒక వెదురు గొట్టానికి ఇది తలగా పెట్టి, తాడుతో గొర్రుకు కట్టి, ఒక ఆడమనిషి పట్టుకొని నడిచేది. పన్నెండు సాళ్లు రాగి పడితే, ఈమె సాలులో కంది, అనప, అలసంద, ఆముదం పడేది. మనం అక్కిడి సాలు అంటాం, గడి దాటితే అక్కడి సాలు అంటారు. వాన తప్పి రాగి పోయినా కందో ఆముదమో నిలిచేది. ఆ బీమాకు ప్రీమియం లేదు.

జడ్డిగం కూడా ఇచ్చినాను. పన్నెండు రంధ్రాల్లో గింజలు సమంగా పడాలంటే చెయ్యి ఎట్లా తిప్పాలో గాలిలో చేసి చూపించింది. పిడికిలి బిగించకూడదంట, వేళ్ల సందుల్లోంచి గింజ జారాలంట, ఎద్దు అడుగుకు ఒక తిప్పు. ఎద్దు ఆగితే చెయ్యి ఆగాలి. ఈ విద్య పుస్తకంలో లేదు. రేకులకుంట పరిశోధనా కేంద్రం వాళ్లు ట్రాక్టరు గొర్రు చేసినారు, మంచి పనే. ఊళ్లల్లో మామూలు ట్రాక్టరు గొర్రు మీద ఇప్పటికీ ఆడోళ్లు వరసగా కూర్చొని చేత్తోనే గింజ వదులుతున్నారు, మీరు రోజూ చూసేదే. ఆ చెయ్యికి మనం ఇచ్చే పేరు కూలి మనిషి.

సంచిలో మిగిలింది ఈ సేరు. చెక్కది, ఇనుప పట్టీలు వేసి ఉన్నాయి. కిలోలు, లీటర్లు వచ్చింది 1958 నుంచి మెల్లమెల్లగా. ఆ తర్వాత కూడా ఊళ్లల్లో గింజలు సేర్లతోనే చానా ఏళ్లు కొలిచినారు. సేరు తెలుసు, కానీ దీంట్లో ఈ చెక్క బిళ్ల ఎందుకో మాకు అర్థం కాలేదు. చూడండి, సరిగ్గా అడుగుకు సరిపోతుంది, తీస్తే వస్తుంది. అడుగు పగిలితే వేసిన మాటు అనుకున్నాం. కానీ అడుగు బాగానే ఉంది. బిళ్ల మధ్యన చిన్న రంధ్రం, పుల్ల పెట్టి లేపడానికి.

ఆమె చేతికి ఇస్తే చానాసేపు మాట్లాడలేదు. వేలు లోపలికి పెట్టి బిళ్లను తాకి చూసి, పక్కన పెట్టేసింది. ఏందవ్వా అది అని అడిగితే, "మీ మామ సేరు. మాకు కొలిచేటప్పుడు బిళ్ల ఉండేది, మా దగ్గర కొలుచుకొనేటప్పుడు బిళ్ల ఉండేది కాదు" అనింది. కోపంగా అనలేదు. నాకు కాఫీ ఇమ్మని కోడలికి చెప్పింది.

ఇంటికి వచ్చి కొర్రలు పోసి కొలిచినాను. సేరు లోతు ఆరంగుళాలు, బిళ్ల ముప్పావు అంగుళం. బిళ్లతో ఎనిమిది సార్లు పోస్తే, బిళ్ల లేకుండా ఏడు సార్లకు సరిపోయింది. రోజుకు రెండు సేర్ల కూలి అనుకొంటే పావు సేరు పోయినట్టు. ఎనిమిది రోజులు పని చేస్తే ఒక రోజు కూలి మామ గాదెలోనే మిగిలిపోయేది. అప్పు గింజలు తీర్చేటప్పుడు అటు పక్క నుంచి ఇంకొకసారి. వడ్డీ వేరే.

మా అమ్మకు చెప్పినాను. మా అన్న అట్లాంటివాడు కాదు అనింది మొదట. రెండు రోజులకు, అప్పుడు అందరి ఇండ్లల్లో ఉండేది లేప్పా, మా నాయన కాలం నుంచి ఉండేది అనింది. నాకు మడక పట్టడం నేర్పించింది ఆ మామే. సెలవుల్లో పోతే భుజం మీద ఎక్కించుకొని చేనికి తీసుకుపోయేవాడు. కొలతలో మిల్లువాడు మోసం చేసినాడని, కాటాలో రాయి పెట్టినాడని మార్కెట్ యార్డు ముందర మనం ఎన్నిసార్లు కూర్చొన్నాం? తేమ ఉందని, తాలు ఉందని బస్తాకు రెండు కిలోలు కోసినప్పుడు నేను మైకు పట్టుకొని గొంతు చించుకున్నాను. ఆ గొంతుకు అన్నం పెట్టిన ఇంట్లో ఈ సేరు ఉండింది. ఇది చెప్పాలా వద్దా అని నాలుగు నెలలు అనుకున్నాను. కార్యదర్శి అయితే, రైతులను తక్కువ చేసినట్టు ఉంటుందేమో అన్నాడు. మన సంఘంలో కూలి అక్కలు సభ్యులుగా ఎంతమంది ఉన్నారని నేను అడిగితే ఆయన రిజిస్టరు తెరవలేదు. ఇదిగో, బిళ్ల పక్కన పెట్టి సేరు బల్ల మీద పెట్టినాను. దగ్గరకు వచ్చి చూడండి.

సరే, ఇదంతా చూసినాక ఊరకే ఉండలేక పోయిన ఖరీఫులో రెండెకరాలు విత్తినాను. మామ గొర్రు మాను చెదలు తినేసింది, జడ్డిగం, పళ్ల ఇనుప మొనలే మిగిలినాయి. అమరాపురం పక్క ఒక ఆచారి దగ్గర నల్లతుమ్మ మాను, వెదుళ్లు కట్టించినాను, 6000 అయింది. ఎద్దులు అడిగి తెచ్చుకున్నాను. మొదటి ఎకరా చెడిపోయింది. విత్తింది నేను. రెండు గొట్టాల్లో మట్టి ఇరుక్కొని గింజ పడలేదని మొలిచినాక తెలిసింది, దువ్వెనకు పళ్లు ఊడినట్టు కనపడింది చేను. రెండో ఎకరాకు ఆ అవ్వ కోడలిని పిలిపించినాను, అత్త దగ్గర నేర్చుకున్న మనిషి. ట్రాక్టరు గొర్రు మీద కూర్చొన్నామెకు ఇచ్చే కూలి కంటే వంద ఎక్కువ అడిగింది, ఇచ్చినాను. అది బాగా మొలిచింది. కొర్రతోపాటు అక్కిడి సాలులో కంది. ఆగస్టులో వాన ఇరవై నాలుగు రోజులు మొహం చాటేసింది. కొర్ర ఎకరాకు నాలుగు బస్తాలకు కొంచెం తక్కువ వచ్చింది. గొప్ప పంటేమీ కాదు. నా పక్క చేను శెనక్కాయ గొడ్ల మేతకు పీకినారు.

ఇంకొక లాభం చెబుతాను. వాన పడినాక పదును రెండు మూడు రోజులే కదా మన ఎర్రనేలలో. ఊళ్లో ట్రాక్టర్లు రెండు, రైతులు నూట యాభై. ఎవరికి ముందు పోవాలో ట్రాక్టరు ఆయన ఇష్టం. గంటకు వెయ్యి పైమాటే బాడుగ. పదును పోయినాక వచ్చి విత్తిపోతే మొలక రాదు, బాడుగ మాత్రం ఇవ్వాల. ఆ రోజు నేను సాయంత్రానికి విత్తేసినాను. ఊళ్లో పది జతల ఎద్దులు, నాలుగు గొర్లు ఉంటే ట్రాక్టరు ఆయన కూడా కొంచెం మర్యాదగా మాట్లాడతాడు. యాంత్రీకరణ పథకం 2014-15 నుంచి నడుస్తోంది. ఎద్దుల పనిముట్లకు కూడా దాంట్లో ఎక్కువ చోటు అడగాలని మనం పెట్టే వినతిపత్రంలో ఒక లైను రాయమని నా మనవి. రోటవేటరుకు ఇచ్చే సబ్సిడీలో వీసమెత్తు ఇస్తే ఒక ఆచారి, ఒక కమ్మరి బతుకుతారు. మేరలు పోయినాక వాళ్లు తలుపులు, కిటికీలు చేసుకొని బతుకుతున్నారు, గొర్రు చేయమంటే కొలతలు మర్చిపోయినామంటున్నారు. ఉన్నవాళ్లు కూడా డెబ్బై దాటినవాళ్లు.

చివరగా పని మాట. వచ్చే నెల రెండో ఆదివారం ఆ ఆచారి ఇక్కడికి వస్తానన్నాడు. తెలుగు అయ్యవారు పుస్తకం తెస్తాడు. అవ్వ రాలేదు, బస్సు పడదు ఆమెకు, కోడలు వస్తుంది, ఆమె బస్సు చార్జీ, ఆ రోజు కూలి సంఘం ఇవ్వాలని తీర్మానం రాయించినాను. మీ అటకల మీద, కొట్టాల్లో ఉన్నవి తీసుకురండి. తోమొద్దు, రంగు వేయొద్దు. ఎవరిది, ఏ ఊరిది, ఏ నేలలో వాడినారు అని ఒక చీటీ కట్టండి. మీ ఊళ్లో దానితో పని చేసిన మనిషి బతికి ఉంటే ముందు ఆమెనో ఆయననో అడిగి రండి. సేర్లు, పళ్లు, మానికలు ఉన్నవాళ్లు కూడా తేండి. తెచ్చేముందు ఒకసారి లోపల వేలు పెట్టి అడుగు చూసుకోండి.